పగలు నీడలో, రాత్రి దీపాల కింద: షుగరు, డి విటమిన్, నిద్ర కలిసి దారి తప్పినప్పుడు

మీరు రాసిన వివరాలు ఇవీ. శ్రీకాకుళం జీటీ రోడ్డులో బట్టల షాపు, వయసు 44. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా షాపు లోపలే. హెచ్‌బీఏ1సీ 6.1 (గత మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష), డి విటమిన్ 11 నానోగ్రాములు. రాత్రి భోజనం పదిన్నరకి, నిద్ర పట్టేది ఒంటిగంటకి. సొంతూరు కవిటి దగ్గర. మీ అమ్మగారికి 65 ఏళ్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.8. ఎండ, తిండి సరిచేసుకుంటే మందులు లేకుండా బాగుపడతామా, అమ్మగారూ మీరూ ఒకే తిండి తినొచ్చా అని అడిగారు.

ముందే తేల్చి చెబుతాను. మీ షుగరు ఇంకా డయాబెటిస్ గీత దాటలేదు. 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నది ముందస్తు దశ, అలవాట్లు మారిస్తే వెనక్కి వచ్చే అవకాశం బాగా ఉంది. డి విటమిన్ 11 అంటే మాత్రం బాగా తక్కువ. దాన్ని మొదట మందుతో నింపి, తర్వాత ఎండతో, తిండితో నిలబెట్టుకోవాలి. ఇక అమ్మగారికీ మీకూ ఒకే వంట కుదరదు. మీకు మంచివని చెప్పేవాటిలో కొన్ని ఆవిడకి ప్రమాదం. ఆ భాగం చివర్లో రాశాను. ఇంట్లో ఏ మార్పు మొదలుపెట్టాలన్నా అది చదివాకే పెట్టండి.

మీకున్న మూడు తేడాల్నీ మూడు జబ్బులుగా చూడొద్దు. మీ రోజు తలకిందులైంది. పగలంతా ట్యూబులైట్ల కింద ఉంటున్నారు, పొద్దుపోయాక అదే వెలుతురు ఇంటిదాకా వస్తోంది, రోజులో పెద్ద భోజనం ఒళ్లు విశ్రాంతికి సిద్ధమయ్యే వేళలో పడుతోంది. చోడి (రాగి) పిండి, గంటి (సజ్జ) రవ్వ కొనే ముందు ఈ వేళలు సర్దుకోవాలి.

కంటి వెనక పొరలో చూపుతో పెద్దగా సంబంధం లేకుండా, వెలుతురు ఎంత ఉందో మాత్రం మెదడుకి చెప్పే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలి వెలుతురుకి, అంటే 480 నానోమీటర్ల ప్రాంతంలో, ఎక్కువగా స్పందిస్తుంది. ఆ కబురు మెదడులోని గడియారానికి చేరుతుంది. కాలేయం, క్లోమం, కొవ్వు కణాలు, పేగులు అన్నిట్లోనూ చిన్న గడియారాలున్నాయి. మెదడులోది వెలుతురుతో సర్దుకుంటే, ఇవి తిండి వేళతో సర్దుకుంటాయి. కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో తేల్చినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. వెలుతురు ఒక వేళ చెప్పి, అన్నం ఇంకో వేళ చెప్తే రెండు గడియారాలూ పొసగవు. ఒకే పళ్లెం అన్నం మధ్యాహ్నం తింటే పెరిగే షుగరు కన్నా రాత్రి పొద్దుపోయి తింటే పెరిగేది ఎక్కువ. చీకటి పడ్డాక రక్తంలో పెరిగే మెలటోనిన్ అనే నిద్ర హార్మోను క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుంది. మీరు పదిన్నరకి తింటున్నది సరిగ్గా ఆ వేళలోనే.

ఇప్పుడు వెలుతురు కొలతలు చూడండి, దీన్ని లక్స్‌లో కొలుస్తారు. బాగా లైట్లు పెట్టిన షాపులో వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది, ఇంట్లో గదిలో అయితే 100 నుంచి 200. ఆరుబయట చెట్టు నీడలో నిలబడినా కొన్ని వేలు ఉంటుంది, ఎండలో లక్ష దాకా పోతుంది. మన కంటికి ఈ తేడా అంతగా తెలియదు, కంటిపాప చిన్నదై సర్దేస్తుంది. లోపలి గడియారానికి మాత్రం మీ షాపులో పగలంతా మునిమాపు వేళలాగే ఉంటుంది. 2022లో ఈ రంగంలోని శాస్త్రవేత్తలు కలిసి ఒక కొలత చెప్పారు: పగలు కంటి దగ్గర కనీసం 250 మెలనాపిక్ లక్స్ (ఆ మెలనాప్సిన్‌కి తగిలే వెలుతురు లెక్క), నిద్రకి మూడు గంటల ముందు నుంచి 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా ఉండాలి. మీ ఇంట్లో మీటరు ఉండదు కాబట్టి అదే విషయాన్ని పనుల్లోకి మార్చి చెబుతాను.

పొద్దున్న లేచిన గంటలోపు ఆరుబయట అరగంట ఉండండి. నాగావళి గట్టు మీద నడిచినా సరే, డాబా మీద కూర్చుని పేపరు చదివినా సరే. మబ్బు పట్టిన రోజు ముప్పావుగంట ఉండండి. నల్ల కళ్లద్దాలు పెట్టుకోవద్దు, కిటికీ లోపల కూర్చుని సరిపెట్టుకోవద్దు. సూర్యుడి వైపు చూడనవసరం లేదు. చూడకూడదు కూడా. అరసవల్లి స్వామి మన జిల్లాలోనే ఉన్నాడు, ‘ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్’ అని మనవాళ్లు నమ్మి కొలుస్తారు. ఆ నమ్మకంతోనే కొందరు ఉదయించే సూర్యుణ్ని రెప్ప వాల్చకుండా చూసే సాధన చేస్తుంటారు. దాంతో కంటి వెనక పొర మధ్యభాగం కాలిపోయి చూపులో మచ్చ పడుతుంది, అది కొన్నిసార్లు పూర్తిగా మానదు. నమస్కారం చేసేటప్పుడు కళ్లు మూసుకోండి, చాలు.

ఇంకో సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకి చీకట్లో హైవే పక్కన నడిచే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. కాళ్లకి వ్యాయామం అవుతుంది గానీ వెలుతురు దొరకదు, లారీల ప్రమాదం అదనం. ఇక్కడ జూన్‌లో 5:20కే పొద్దు పొడుస్తుంది, డిసెంబరు చివర్లో 6:25 ప్రాంతంలో. ఆ తర్వాతే బయల్దేరండి.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటికి వస్తాను. ‘లేత ఎండలో కూర్చుంటే డి విటమిన్ వస్తుంది’ అని అందరూ చెప్తారు. రాదు, వచ్చినా నామమాత్రం. లేత ఎండ గడియారానికి మందు, డి విటమిన్‌కి కాదు. చర్మంలో డి విటమిన్ తయారు కావాలంటే అతినీలలోహిత కిరణాల్లో బి రకం కావాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిపొరలో చాలా దూరం ప్రయాణించి, ఓజోన్‌లోనే ఇంకిపోతాయి. దీనికి యంత్రం అక్కర్లేని గుర్తు ఒకటుంది: నేల మీద మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉండాలి. నీడ పొడుగ్గా ఉంటే ఆ ఎండ దీనికి పనికిరాదు.

మనం భూమధ్యరేఖకి 18 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ఏడాది పొడుగునా ఈ అవకాశం ఉంటుంది. కాకపోతే వేళలు మారతాయి. జూన్‌లో ఉదయం 8:45 నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ పొట్టిగా ఉంటుంది. మార్చి మూడోవారంలో 9:15 నుంచి 2:45 దాకా. డిసెంబరు చివర్లో 10:45 నుంచి ఒంటిగంట దాకా మాత్రమే. మన దగ్గర పొద్దు నడినెత్తికి రావడం గడియారంలో పన్నెండుకి కాదు, సగటున 11:54కి. నవంబరు మొదట్లో 11:38కే వచ్చేస్తుంది. అందుకే చలికాలంలో ‘భోజనం చేసి రెండింటికి డాబా ఎక్కుతాను’ అంటే ఆలస్యమైపోయినట్టే.

ఎంతసేపు? మన చాయ చర్మంలో మెలనిన్ ఎక్కువ, అది ఈ కిరణాల్ని అడ్డుకుంటుంది. పొట్టి చేతుల చొక్కాతో, మోకాళ్ల కింద కాళ్లు కూడా తెరిచి ఉంచి, వారానికి నాలుగైదు రోజులు, చలికాలంలో అరగంట, వేసవిలో పదిహేను ఇరవై నిమిషాలు మంచి ప్రారంభం. చర్మం బాగా నలుపున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మొహానికి, తలకి నీడ ఉంచండి, మొహం చిన్న భాగం, దాన్నుంచి వచ్చేదీ తక్కువే. చర్మం చురుక్కుమనే ముందే లోపలికి రండి. ఒక హద్దు దాటాక ఎంతసేపు నిలబడినా అదనంగా తయారు కాదు. అదే ఎండ తయారైనదాన్ని విడగొట్టేస్తుంది, మిగిలేది చర్మానికి నష్టమే. మే నెలలో తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య కానిచ్చేయండి, పదకొండుకి నిలబడొద్దు. మీరు షాపు తెరిచే ముందే పని అయిపోతుంది. చలికాలంలో మాత్రం పదకొండున్నర ప్రాంతంలో షాపు కుర్రాడికి గల్లా అప్పజెప్పి మేడెక్కాలి.

గాజు ఈ కిరణాల్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. షాపు అద్దం వెనకాల, కారులో, కిటికీ పక్కన ఎండ పడుతున్నా ఉపయోగం లేదు. పొందూరులో ఇంటి లోపల రాట్నం ముందు కూర్చునే ఆడవాళ్లకీ, టైలర్లకీ, నిండుగా కప్పుకునేవాళ్లకీ, ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా తరగతి గదుల్లో ఉండే హాస్టలు పిల్లలకీ అందుకే ఇంత ఎండ ఉన్న జిల్లాలో లోపం వస్తోంది. పొలంలో, సముద్రం మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఇంకా ఎండ కావాలని చెప్పడం తప్పు. వాళ్లకి కావలసింది వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, నీళ్లు. కంటి మూల నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం, శుక్లాలు త్వరగా రావడం వాళ్లలో ఎక్కువ, దానికి ఏళ్ల తరబడి కంట్లో పడిన ఎండ ఒక కారణం.

ఇక మీ డి విటమిన్ 11 సంగతి. ఇంత లోపాన్ని ఎండ ఒక్కదానితో నింపడానికి చాలా నెలలు పడుతుంది. డాక్టరు సాధారణంగా 60,000 యూనిట్ల మందు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు, ఆ తర్వాత తక్కువ మోతాదు. ఇది కొవ్వులో కరిగేది కాబట్టి పరగడుపున కాకుండా మధ్యాహ్న భోజనం మధ్యలో వేసుకోండి. ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు ఒకటుంది: వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకొకటిగా మింగేస్తారు, లేదా ఎనిమిది వారాలయ్యాక ‘బలానికి’ అని షాపులో అడిగి నెలల తరబడి కొనసాగిస్తారు. అప్పుడు రక్తంలో క్యాల్షియం పెరిగిపోతుంది. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మగత వస్తాయి, చివరికి కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం (కవిటి, సోంపేట వైపు) మూలాలున్న కుటుంబం కాబట్టి మీరు మొదలుపెట్టే ముందే క్రియాటినిన్, క్యాల్షియం చూపించుకోండి. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను ఒక్కసారిగా చేయించుకోవద్దు.

తిండిలో డి విటమిన్ దొరికే చోట్లు తక్కువ. ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో లేదనే చెప్పాలి. చోడి జావ ఎంత తాగినా అది రాదు, వచ్చేది క్యాల్షియం. కొవ్వున్న సముద్రపు చేపల్లో ఉంది: కవళ్లు, కానాగంతలు. కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చే ఈ చేపలు ధరలో తక్కువ, గుణంలో ఎక్కువ. వంజరం కోసం చూడకుండా వారానికి రెండు మూడుసార్లు ఇవి ఇగురు పెట్టుకోండి, వేపుడు వద్దు. గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్ల ప్రాంతం ఉంటుంది, పచ్చసొన పారేయొద్దు. ప్యాకెట్ మీద ఎఫ్ అక్షరం, పక్కన కూడిక గుర్తు ఉన్న నూనెలో, పాలలో డి విటమిన్ కలుపుతారు. అలాంటి నూనె రోజుకి 25 గ్రాములు వాడితే నూరు యూనిట్ల పైన వస్తుంది. పెద్దవాళ్లకి మన జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజు అవసరం 600.

క్యాల్షియానికి మాత్రం చోళ్లు మేలైనవి, నూరు గ్రాములకి 350 మిల్లీగ్రాముల పైమాటే. కానీ షుగరు ఉన్నవాళ్లు చోడి అంబలి తాగే తీరులో ఒక చిక్కుంది. మెత్తటి పిండిని బాగా ఉడికించి పల్చగా తాగితే అది నమలకుండా గబగబా లోపలికి పోతుంది, షుగరు తెల్లన్నంలాగే పెరుగుతుంది. పైగా బెల్లం వేస్తారు. మీరు తాగాలనుకుంటే 30 గ్రాముల పిండితో, రాత్రి పులియబెట్టి, పుల్ల మజ్జిగ కలిపి, ఉల్లిపాయతో తాగండి. పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు ఉలవ గుగ్గిళ్లో ఉండాలి. చోడి రొట్టె అంబలి కన్నా నయం. పులియబెడితే, మొలకెత్తిస్తే ఖనిజాల్ని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, క్యాల్షియం బాగా ఒంటబడతాయి. తరవాణి, చద్దన్నం తినేవాళ్లు మానక్కర్లేదు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది. కొలత మాత్రం తగ్గించాలి. మే నెలలో జిగురొచ్చినా వాసన మారినా పారేయాలి.

అసలు మార్పు భోజనం వేళలో. షాపు తొమ్మిదిన్నరకి మూసి ఇంటికెళ్లి తింటే మీరు ఏం తిన్నా నష్టమే. ఏడున్నరకల్లా షాపుకే క్యారేజీ తెప్పించుకోండి, ఎనిమిదికి ముగించండి. ఇంటికెళ్లాక ఆకలేస్తే గ్లాసు పల్చటి మజ్జిగ, అంతే. రాత్రి భోజనం అందరూ కలిసి కూర్చునే ఒకే ఒక్క వేళ అయి ఉండొచ్చు, దాన్ని వదులుకోమనడం చిన్న విషయం కాదు. ఆ కలయికని పొద్దున్నకి మార్చండి. ఎనిమిదింటికి అందరూ కూర్చుని నిండుగా తినండి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా పన్నెండు గంటల విరామం దానంతట అదే వస్తుంది. పదహారు గంటల ఉపవాసాల జోలికి వెళ్లక్కర్లేదు. పొద్దున్న మానేసి రాత్రి రెట్టింపు తినే ఉపవాసం మీ సమస్యని పెంచుతుంది.

కొలతలు. కూర్చుని చేసే పనికి పూటకి 80 గ్రాముల బియ్యం చాలు, వండాక 200 గ్రాములకి కాస్త పైన వస్తుంది. ఒకసారి తూచి వండి, మీ కంచంలో ఎంత ఎత్తు వస్తుందో చూసుకోండి, తర్వాత తూకం అక్కర్లేదు. మన ఇళ్లలో చారు, పులుసు ఒకదాని వెంట ఒకటి వస్తూ అన్నం మూడు విడతలు వడ్డిస్తారు. అక్కడే కొలత రెట్టింపవుతుంది. పప్పులు రోజుకి 85 గ్రాములు, అంటే పచ్చివి తూచి. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. తినే వరస కూడా పనిచేస్తుంది: ముందు కూర, పప్పు లేదా చేప సగం తిని, తర్వాత అన్నం కలుపుకుంటే షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. ఏడు రోడ్ల కూడలి దాకా వెళ్లి వస్తే చాలు. నడిచే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని షుగరుని లాక్కుంటుంది. చదువుతున్నవాళ్లలో ఇప్పటికే షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లుంటే అన్నం, భోజన వేళ ఒక్కసారిగా మార్చొద్దు, షుగరు పడిపోతుంది. మోతాదు డాక్టరుతో సరిచేయించుకున్నాకే మార్చాలి.

నూనె నెలకి మనిషికి 700 మిల్లీలీటర్లు. నలుగురుంటే మూడు లీటర్ల లోపు. ఈ ఒక్క లెక్క నెల సామాను చీటీలో పాటిస్తే వంటింట్లో గరిటెలు కొలవక్కర్లేదు. సాయంత్రం బజ్జీల బండి దగ్గర తినేది ఈ లెక్కలోకి రాదు, అక్కడ నల్లబడేదాకా మరిగిన నూనె వేరే సమస్య. ఉప్పు అన్నిట్లో కలిపి రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలి, సుమారు ఒక టీస్పూను. పెద్ద చెంచాడు ఆవకాయలోనే 2 గ్రాముల దాకా పోతుంది. ఎండు చేపలు, ఎండు నెత్తళ్లు వండే ముందు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి పారబోసి, మళ్లీ ఒకసారి అలాగే చేయండి.

టీ. షాపుల్లో రోజుకి నాలుగైదు కప్పులు మామూలే. కప్పుకి రెండు చెంచాల పంచదార అంటే నాలుగు కప్పులకి 35 గ్రాముల పైన, ఇంకేమీ తీపి తినకపోయినా. కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది కాబట్టి చివరి టీ నాలుగింటికి. భోజనం పక్కన టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టదు, గంట తేడా ఉంచండి. మునగాకు, తోటకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము ఎక్కువ అందుతుంది. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా తప్పు చూపిస్తుంది. ఇనుము లోపంలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చు, సికిల్ సెల్ లాంటి రక్త లక్షణాలున్నవాళ్లలో లెక్కే తప్పొచ్చు. అందుకని హిమోగ్లోబిన్, పరగడుపు షుగరు దానితో కలిపి చూడాలి.

ఇక రాత్రి. ఇళ్లలో ఇప్పుడు అందరూ వాడేది 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు. పెట్టె మీద 6500 కె అనో కూల్ డేలైట్ అనో ఉంటుంది. నీలి వెలుతురు పాలు ఎక్కువున్న రకం అది. పడక గదిలో, తొమ్మిది తర్వాత కూర్చునే చోట 2700 కె లేదా వార్మ్ వైట్ అని రాసి ఉన్న 5 వాట్ల బల్బు పెట్టండి. అది కంటి ఎత్తుకి కిందుగా, గోడ వైపు తిరిగి ఉంటే ఇంకా మంచిది. ఫోను మీద పడే నింద కొంత ఎక్కువే. తెర వెలుతురు తగ్గించి చేతి దూరంలో పట్టుకుంటే దాని వెలుతురు కన్నా నెత్తి మీద ట్యూబు చేసే చెరుపే పెద్దది. ఫోను చేసే అసలు నష్టం, పదకొండుకి పడుకోవలసిన మనిషిని ఒంటిగంట దాకా కూర్చోబెట్టడం. నీలి వెలుతురు ఆపే కళ్లద్దాలకి అదనంగా డబ్బు పెట్టొద్దు. 2023లో అన్ని పరిశోధనల్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో వాటివల్ల కళ్ల అలసట తగ్గినట్టు కనపడలేదు, నిద్రకి మేలని కూడా తేలలేదు.

పడుకున్నాక గది చీకటిగా ఉండాలి. 100 లక్స్ వెలుతురులో ఒక్క రాత్రి నిద్రపోయినా గుండె వేగం పెరిగి, పొద్దున్నకి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం 2022లో వచ్చిన ఒక ప్రయోగంలో చూశారు. వీధి ఎల్‌ఈడీ దీపం కిటికీలోంచి పడుతుంటే మందపాటి ముదురు రంగు తెర వేయండి. పెద్దవాళ్లున్న ఇంట్లో మాత్రం కటిక చీకటి వద్దు, బాత్రూముకి లేచి పడిపోతారు. మంచం నుంచి బాత్రూము దాకా నేలకి అడుగు ఎత్తులో నారింజ రంగు చిన్న బల్బు ఉంచండి, కంటికి సూటిగా తగలకూడదు.

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో, జూట్ మిల్లుల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకి ఈ వేళలు కుదరవు. రాత్రి షిఫ్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 2007లోనే, మళ్లీ 2019లో, బహుశా క్యాన్సరు కారకం అన్న వర్గంలో పెట్టింది. వాళ్లకి చెప్పగలిగింది ఇది: పెద్ద భోజనం షిఫ్టుకి ముందే, ఏడింటికి. అర్ధరాత్రి నుంచి తెల్లారి ఐదు దాకా నీళ్లు, మజ్జిగ, మరీ ఆకలైతే గుప్పెడు శనగలు, అన్నం క్యారేజీ వద్దు. పగటిపూట మాత్రమే తిన్నవాళ్లలో రాత్రి మేలుకున్నా షుగరు అంతగా చెడలేదని ప్రయోగాల్లో కనపడింది. ఇంటికొచ్చి గది పూర్తిగా చీకటి చేసుకుని పడుకోవాలి.

పిల్లల గురించి ఒక్క మాట, మీకూ ఇద్దరున్నారన్నారు కనుక. రోజూ ఆరుబయట రెండు గంటలు గడిపే పిల్లలకి దగ్గరచూపు కళ్లజోడు ఆలస్యంగా వస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిలో రోజుకి అదనంగా 40 నిమిషాలు బయట ఆడించిన పిల్లల్లో మూడేళ్లకి కొత్తగా దగ్గరచూపు వచ్చినవాళ్లు 30.4 శాతం, ఆడించనివాళ్లలో 39.5 శాతం. ట్యూషను కన్నా ముందు ఆట పెట్టండి.

ఇప్పుడు అమ్మగారు. 65 ఏళ్ల ఆడమనిషికి 1.8 క్రియాటినిన్ అంటే కిడ్నీల వడపోత (రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉంటుంది) సుమారు 31కి దిగింది. కిడ్నీ జబ్బుకున్న ఐదు దశల్లో ఇది మూడో దశ చివర, నాలుగో దశకి దగ్గర. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం ప్రాంతంలో ఈ జబ్బు ఇంతగా ఎందుకుందో ఇంకా తేలలేదు. ఎండదెబ్బ, నీళ్లు, నొప్పి మాత్రలు, వంశలక్షణం అన్నీ పరిశీలనలో ఉన్నాయి. ఏది కారణమైనా ఆవిడ మిగిలిన కిడ్నీని కాపాడే పద్ధతి ఒకటే.

ఆవిడకి అంబలి, ఉలవలు, మునగాకు, కొబ్బరినీళ్లు ‘మంచివే కదా’ అని మీతోపాటు పెట్టొద్దు. ఒక కొబ్బరిబోండంలో అర గ్రాము దాకా, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పొటాషియం ఉంటుంది. కిడ్నీ తోసేయలేకపోతే అది గుండె లయని దెబ్బతీస్తుంది. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య ఈ మాట చెప్పడం కష్టమే, అయినా పొటాషియం పరీక్ష చూడకుండా ఇవ్వకూడదు. అది 5 దాటితే ఆకుకూరలు, దుంపలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. బజారులో ‘సోడియం తక్కువ ఉప్పు’ అని అమ్మేదాంట్లో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. బీపీకి మంచిదని మీరు తెచ్చి పెడితే ఆవిడకి అదే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు ఉప్పే, తక్కువ వాడండి. మాంసకృత్తులు బరువులో కిలోకి 0.6 నుంచి 0.8 గ్రాముల మధ్య ఉండాలి, ఎంతో డాక్టరు చెప్పాలి. పూర్తిగా మానేస్తే కండ కరిగిపోతుంది, అదీ నష్టమే.

డి విటమిన్ దగ్గర కూడా తేడా ఉంది. చర్మంలో తయారైనది ముందు కాలేయంలో, తర్వాత కిడ్నీలో మారితేనే పనిచేస్తుంది. కిడ్నీ బలహీనమైతే ఆ రెండో మార్పు తగ్గిపోతుంది. అందుకే ఆవిడని ఎంతసేపు ఎండలో కూర్చోబెట్టినా ఎముకలకి చేరేది తక్కువ. మీకు రాసిన 60,000 మందు ఆవిడకి ఇవ్వొద్దు. డి విటమిన్‌తోపాటు క్యాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ (క్యాల్షియాన్ని అదుపు చేసే హార్మోను) పరీక్షలు చూసి డాక్టరే ఏ రకం ఇవ్వాలో నిర్ణయించాలి. పొద్దుటి వెలుతురు ఆవిడకీ మంచిదే, నిద్ర బాగుంటుంది. అరుగు మీద నీడలో అరగంట చాలు. మధ్యాహ్నం జీడితోటలో పని మాన్పించండి, ఒంట్లో నీళ్లు తగ్గిన ప్రతిసారీ కిడ్నీ ఇంకాస్త నలుగుతుంది. నీళ్లు ఎన్ని తాగాలో వాపులు, మూత్రం చూసి చెప్పాలి, ‘నాలుగు లీటర్లు తాగు’ అని అందరికీ చెప్పే మాట ఆవిడకి వర్తించదు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు, నాటు భస్మాలు పూర్తిగా ఆపేయండి. ఏ మందుల షాపులో ఏది కొన్నా ముందు క్రియాటినిన్ సంగతి చెప్పడం ఆవిడకి నేర్పండి.

పరీక్షలు మళ్లీ ఎప్పుడంటే: ఎర్ర రక్తకణం వయసు 120 రోజులు కాబట్టి మీ హెచ్‌బీఏ1సీ మూడు నెలలు నిండకుండా చేయిస్తే మార్పు పూర్తిగా కనపడదు. డి విటమిన్, క్యాల్షియం కూడా అప్పుడే చేయించండి. అమ్మగారి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం అంతదాకా ఆగకుండా ఈ వారంలోనే చేయించి, కిడ్నీ డాక్టరుకి చూపించండి. పలాసలో దీనికోసమే కట్టిన ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, కవిటి నుంచి అదే దగ్గర. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. ఒక్క 1.8 కన్నా, అది ఎన్ని నెలల్లో అక్కడికి చేరిందన్నది డాక్టరుకి ఎక్కువ ఉపయోగం.